పొడుగు గుంటడే ఎందుకు సెలెక్ట్ అవుతాడు?

ఆగస్టు నెల. శ్రీకాకుళం దగ్గర ఒక హైస్కూల్ గ్రౌండు. రాత్రంతా వాన పడి ఒక గోల్‌పోస్టు ముందు మడుగు కట్టింది. రెండో పోస్టు దగ్గర ఆవు మేస్తోంది. అండర్-14 ఫుట్‌బాల్ సెలెక్షన్స్ అని పిలిస్తే చుట్టుపక్కల మండలాల నుంచి పిల్లలు వచ్చి వరసగా నిలబడ్డారు. డ్రిల్లు మాస్టారు వరస ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నడిచారు. "నువ్వు ఇటు రా. నువ్వు ఉండు. నువ్వు అటు వెళ్లు." పది నిమిషాల్లో సగంమంది పక్కకు వెళ్లిపోయారు. బంతి ఇంకా సంచిలోంచి బయటికే రాలేదు.

"సార్, నాను ఎడం కాలితో కూడా కొడతాను సార్" అన్నాడు పక్కకు వెళ్లినవాళ్లలో ఒక బక్క కుర్రాడు.

"కొడుదువు గానీ, ముందు నాలుగు ముద్దలు ఎక్కువ తినరా" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు.

తర్వాత టీ తాగుతుండగా అడిగాను, ఆడించి చూడకుండానే ఎలా తేల్చేశారని. ఆయన తడుముకోలేదు. "ఈ బురదలో పాసులేటండీ? బంతి దొర్లదు. బలం ఉన్నోడు తన్నాలి, పొడుగున్నోడు తలతో కొట్టాలి. మిగతావన్నీ టీవీలో చూడ్డానికి బాగుంటాయి."

ఆయన చెప్పింది ఆ గ్రౌండు వరకు తప్పు కాదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. అక్కడ ఎంపికైన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తే చదునైన గ్రౌండు ఉంటుంది, బంతి సాఫీగా దొర్లుతుంది, అవతలివాళ్లు కిందనుంచే నాలుగు పాసుల్లో దాటేస్తారు. మన పొడుగు పిల్లలు తల తిప్పేసరికి బంతి వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

నేను పక్కకు పంపేసినవాళ్లలో ఒకణ్ని కాదు. ఎనిమిదో తరగతిలో క్లాసు మొత్తానికి నేనే పొడుగు. అది చూసి నన్ను గోల్‌లో నిలబెట్టారు. బంతి వస్తుంటే కళ్లు మూసుకునేవాణ్ని, అయినా రెండేళ్లు నిలబెట్టారు. తొమ్మిదో తరగతితో నా ఎదుగుదల ఆగిపోయింది. ఇంటర్‌కి వచ్చేసరికి అప్పటి పొట్టివాళ్లు సగంమంది నన్ను దాటిపోయారు.

ఒంటిని చూసి మనిషిని తూచే ఈ చూపు మన ప్రాంతంలో పాతది, అందులో గర్వపడాల్సిన భాగం కూడా ఉంది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో కోడి రామమూర్తి నాయుడు పుట్టారు. విజయనగరంలో పెరిగి, వ్యాయామం నేర్చి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తర్వాత సర్కస్ పెట్టారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, ఏనుగును గుండెల మీద నిలుపుకోవడం మన తాతలు చెప్పిన ముచ్చట్లు. కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

ఆ తర్వాత ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అనే ఊరికైతే వెయిట్‌లిఫ్టింగే ఇంటిపేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది.

ఈ ఆటల్లో కాటా మీద నిలబడటం తప్పనిసరి. నువ్వు ఎవరితో పోటీపడాలో నీ బరువే చెబుతుంది. మన డ్రిల్లు మాస్టర్ల కన్ను అలాంటి ఆటల మధ్య తయారైంది. ఫుట్‌బాల్‌లో ఆ కాటా లేదు. 168 సెంటీమీటర్ల వాడూ 195 సెంటీమీటర్ల వాడూ ఒకే పెనాల్టీ బాక్సులో ఒకే కార్నర్ కిక్ కోసం నిలబడతారు. ఇద్దరిలో ఎవరు పనికొస్తారన్నది ఆ కార్నర్ ఎలా కొట్టబోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పొడుగైన డిఫెండర్ కావాలన్న ఆలోచన మొదట్నుంచీ లేదు. బంతి కంటే ముందుకెళ్లి పాస్ కోసం కాచుకున్నవాడికీ గోల్ గీతకీ మధ్య తగినంత మంది ప్రత్యర్థులు లేకపోతే అది ఆఫ్‌సైడ్ తప్పు. 1925 వరకు ముగ్గురు ఉండాలి. అప్పట్లో సెంటర్ హాఫ్ అంటే గ్రౌండు నడుమ తిరుగుతూ ఆట నడిపేవాడు. 1925లో ఆ ముగ్గుర్ని ఇద్దరికి తగ్గించారు. ఫార్వర్డ్‌లకు పండగైంది, గోల్స్ వరదలా వచ్చాయి. ఆ ఏడాది లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి మేనేజర్‌గా వచ్చిన హెర్బర్ట్ చాప్‌మన్ జట్టు న్యూకాజిల్ చేతిలో 7-0తో ఓడింది. దాంతో సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్య కాపలా పెట్టారు. ఇక అతని పని ఆట నడపడం కాదు, వచ్చిన బంతిని వచ్చినట్టు తలతో బయటికి కొట్టడం. ఆ పనికి హెర్బీ రాబర్ట్స్ లాంటి పొడుగువాడు కావలసి వచ్చాడు. మన పాత ఆటగాళ్లు ఇప్పటికీ "స్టాపర్" అనేది ఈ కాపలావాణ్నే. ఒక్క రూలు మారితే ఒక రకం ఒంటికి గిరాకీ పెరిగింది.

దానికి విరుగుడు 1953లో హంగరీ చూపించింది. నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిదెకుటి ముందు నిలబడకుండా వెనక్కి దిగిపోయాడు. ఇంగ్లండ్ స్టాపర్‌కి ఏం చేయాలో తోచలేదు. వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్లకపోతే హిదెకుటికి ఖాళీ. హిదెకుటి మూడు గోల్స్ కొట్టాడు. కాస్త బొద్దుగా, పొట్టిగా ఉండే పుష్కాస్ రెండు. మన గ్రౌండు వరసలో నిలబడితే పుష్కాస్‌ని ఎటు పంపేవారో చెప్పక్కర్లేదు.

బ్రెజిల్ ఫార్వర్డ్ గరించా సంగతి ఇంకా విచిత్రం. కాళ్లు వంకర, ఒకటి పొట్టి. 1958 ప్రపంచకప్ ముందు బ్రెజిల్ జట్టు సైకాలజిస్టు పరీక్షలు పెట్టి అతను పనికిరాడన్నాడు, పదిహేడేళ్ల పీలే ఇంకా చిన్నపిల్లాడన్నాడు. కోచ్ ఫియోలా విన్నాడు, ఆ సలహాని పక్కన పెట్టాడు. ఆ ఇద్దరితోనే కప్పు గెలిచాడు.

ఇదంతా పైదేశాల గోల అనుకునేవాళ్లకు హైదరాబాద్ కథ ఉంది. నా లెక్కలో ఈ విషయం మీద అన్నిటికంటే పనికొచ్చే కథ అదే. సయ్యద్ అబ్దుల్ రహీం స్వతహాగా బడి మాస్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, 1950 నుంచి భారత జట్టును నడిపారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఎండిన నేల మీద వట్టి కాలు చురుకే. ఆ చలిదేశపు గ్రౌండు మీద అదే కాలు బరువైంది. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం అక్కణ్నుంచి బలమైనవాళ్ల వేటలో పడలేదు. మనవాళ్లు ఐరోపావాళ్లంత పొడుగు కారు, కాబట్టి బంతిని కిందే ఉంచాలి, త్వరగా వదిలేయాలి. అందుకోసం ఆయన హైదరాబాద్‌లో పెట్టిన టోర్నమెంట్లు చూడండి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే కొట్టాలి. అంటే పరీక్షే ఆటగా పెట్టారు. ఎవడు తల తిప్పి చూసి ఆడతాడో, ఎవడి రెండో కాలు మొద్దో గంటలో తేలిపోయేది. వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 పద్ధతిని బ్రెజిల్ ప్రపంచానికి చూపక ముందే ఆయన మనవాళ్లతో ఆడించారని పేరు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ ఆ మ్యాచ్‌లోదే.

ఒళ్లు ఆయనకు పట్టదని కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఆ భారీ మనిషి సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒకటి, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒకటి కొట్టాడు. ఫైనల్లో ఇంకో గోల్ పీకే బెనర్జీది, 2-1తో స్వర్ణం. అదే ఒళ్లు, పని మారింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం చనిపోయారు.

బంతి లేకుండా పిల్లల్ని కొలిచే పద్ధతికి పేరు తెచ్చింది తూర్పు జర్మనీ. 1973 నుంచి అక్కడ బడిపిల్లల ఎత్తు, బరువు, పరుగు, దూకడం కొలిచి ఎవరు ఏ ఆటకో ప్రభుత్వమే తేల్చేది. ఈత, పడవ పందాలు, అథ్లెటిక్స్‌లో పతకాలు రాలాయి, అందులో మందుల పాత్ర ఎంతన్నది వేరే కథ. ఫుట్‌బాల్‌లో 1976 ఒలింపిక్ స్వర్ణం వచ్చింది గానీ, ప్రపంచకప్‌కి మాత్రం ఆ దేశం వెళ్లింది ఒకే ఒక్కసారి, 1974లో.

మన దగ్గర 1993లో హకీంపేటలో, 2006లో కడప పుట్లంపల్లిలో క్రీడా పాఠశాలలు వచ్చాయి. నాలుగో తరగతిలో చేరే పిల్లలకు పెట్టే పరీక్షలు మన తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు వగైరా. అన్ని ఆటలకూ పనికొచ్చే పిల్లల్ని ఏరడానికి ఇవి సరే. వీటినే ఫుట్‌బాల్‌కి కొలబద్దగా పట్టుకుంటేనే తంటా. ఫ్లయింగ్ స్టార్ట్ అంటే ముందే పరుగందుకుని గీత దాటాక గడియారం నొక్కుతారు. ఫుట్‌బాల్‌లో అంత దూరం ఎవడు వదులుతాడు? నిలబడ్డ చోటు నుంచి మొదటి ఐదు పది మీటర్లే తగువు. అలాగే 800 మీటర్లు ఒకే ఊపున పరిగెత్తడం వేరు, మ్యాచ్‌లో ఆగుతూ, తిరుగుతూ, మళ్లీ పరిగెడుతూ పది పన్నెండు కిలోమీటర్లు లాగడం వేరు. డెన్మార్క్‌కి చెందిన బాంగ్స్‌బో తయారుచేసిన యోయో టెస్టులో 20 మీటర్లు వెళ్లి వచ్చాక 10 సెకన్లు విరామం ఇస్తారు. తేరుకోవడాన్నే కొలుస్తుందది. కొన్ని కోన్లు, ఫోన్లో బీప్ శబ్దం ఉంటే ఏ బడిలోనైనా పెట్టొచ్చు.

పొడుగుకు పని లేదని నేననడం లేదు. స్టోక్ సిటీ 2008లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చి పెద్ద జట్లను వణికించింది రోరీ డెలాప్ త్రోఇన్లతో, అంటే పక్క గీత దగ్గర్నుంచి చేత్తో విసిరే బంతులతో. చిన్నప్పుడు జావెలిన్ విసిరిన చేతులవి. త్రోఇన్‌కి ఆఫ్‌సైడ్ లేదు, బాక్సులో పొడుగువాళ్లు కాచుకుని ఉండేవారు. ఆ ఎత్తుగడకు ఆ ఒళ్లు కావాలి. అటు 2010లో ప్రపంచకప్ గెలిచిన స్పెయిన్‌లో చావీ, ఇనియెస్టా ఇద్దరూ 170 సెంటీమీటర్ల అటూ ఇటూ. అలాగని చిన్నవాళ్ల పాసులే గెలిపించాయనడానికీ లేదు. సెమీస్‌లో జర్మనీ మీద వచ్చిన ఒకే ఒక్క గోల్ చావీ కొట్టిన కార్నర్‌కి పుయోల్ తలతో కొట్టింది. ఆ పుయోల్ ఎత్తు 178. ఎంత ఎత్తున్నాడని కాదు, ఎప్పుడు ఎగిరాడన్నది చూడాలి. టేపు దాన్ని పట్టుకోలేదు.

అండర్-14 దగ్గర ఇంకో మెలిక ఉంది. మగపిల్లలు సుమారు పద్నాలుగేళ్ల దగ్గర, ఆడపిల్లలు పన్నెండు దగ్గర ఒక్కసారిగా సాగుతారు. అది సగటు. పదమూడేళ్ల ఇద్దరి ఎముకల వయసులో, అంటే ఎముకలు ఎంత ఎదిగాయన్న లెక్కలో, మూడు నాలుగేళ్ల తేడా ఉండొచ్చు. మన మాస్టారు ఏరిన పొడుగువాళ్లలో కొందరు ముందుగా ఎదిగినవాళ్లు, అంతే. పైగా వయసు జనవరి 1 నుంచి లెక్కపెట్టే చోట జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడి కంటే దాదాపు ఏడాది పెద్ద, అయినా ఒకే జట్టుకి పోటీ. ఐరోపా అకాడమీల్లో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ కనపడటం ఇందుకే. మన ఊళ్లలో ఈ లెక్క తీద్దామన్నా కష్టమే. బడిలో వేసిన రోజున మాస్టారు రాసిందే పుట్టినరోజైన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మా ఇంట్లోనే ఇద్దరు జూన్ ఒకటిన పుట్టారు.

బెల్జియం ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం వేరే జాతీయ జట్లు పెట్టింది. ఇంగ్లండ్‌లో 2015లో వయసు బట్టి కాకుండా ఎదుగుదల బట్టి జట్లు కట్టి, పెద్దయ్యాక రాబోయే ఎత్తులో 85 నుంచి 90 శాతానికి చేరినవాళ్లను కలిపి ఆడించి చూశారు. ఎప్పుడూ ఒంటితో నెట్టుకొచ్చిన పిల్లలు తమంతటి వాళ్లు ఎదురయ్యేసరికి బుర్రతో ఆడక తప్పలేదు.

ఎవరు ఎదుగుదలలో ఎక్కడున్నారో చూడటానికి ఎక్స్‌రేలు అక్కర్లేదు. ముందు కాళ్లు సాగుతాయి, తర్వాత మొండెం. అందుకే నిలబడ్డ ఎత్తుతో పాటు కూర్చున్న ఎత్తు కూడా మూడు నెలలకోసారి రాస్తే ఎవడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఆ ఎడం కాలి కుర్రాడి బడిలో పీఈటీ మేడం అదే చేస్తున్నారు. గోడకి స్టూలు ఆనించి, పిల్లాణ్ని నిటారుగా కూర్చోబెట్టి, తల మీద అట్ట ఆనించి పెన్సిల్ గీత. నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో "స్టూలు 42 తీసెయ్యాలి" అని ఉంది. మొదటిసారి తీసెయ్యడం మర్చిపోతే కూర్చున్న ఎత్తులే 120 దాటాయట. ఎనిమిదో పేజీలో ఆ కుర్రాడి పేరు. పక్కన నిలబడ్డ ఎత్తులు నాలుగు: 138, 139, 141, 144.