జపాన్, శ్రీలంక: అప్పు శాతం చూసి గుండెలు బాదుకోకండి

జపాన్ అప్పు జీడీపీకి (దేశం ఏడాదిలో చేసే మొత్తం ఉత్పత్తి విలువకు) రెండింతలు దాటిందని, ఇక శ్రీలంక గతే పడుతుందని ఒక మెసేజ్ తిరుగుతోంది. దేశాల రిస్క్ అంచనా వేయడం నా పని కాబట్టి నెలకోసారైనా ఎవరో ఒకరు నాకది పంపుతారు. పోయిన వారం పంపినావిడ కొడుకు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. "వాణ్ని వచ్చెయ్యమననా అండీ?" అని అడిగారు. ఆవిడ టెన్షన్ నాకు అర్థమైంది. నా కోపమంతా ఆ మెసేజ్ తయారుచేసినవాళ్ల మీదే.

అపోహ: అప్పు శాతం ఎక్కువున్న దేశమే ముందు కూలుతుంది.

వాస్తవం: 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని శ్రీలంక చేతులెత్తేసింది. జీడీపీతో పోల్చి చూస్తే అప్పటికి దాని అప్పు జపాన్ అప్పులో దాదాపు సగం. తక్కువ అప్పున్న దేశం పడింది, ఎక్కువ అప్పున్నది నిలబడింది. ఎంత అప్పు అన్నదానికంటే ఏ కరెన్సీలో, ఎవరికి బాకీ అన్నది ముఖ్యం. జపాన్ ప్రభుత్వ అప్పు సొంత కరెన్సీ యెన్‌లలోనే ఉంది, ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది అక్కడి బ్యాంకులు, బీమా సంస్థలు, సెంట్రల్ బ్యాంకే. పైగా ఆ దేశం దగ్గర లక్ష కోట్ల డాలర్లకు పైగా విదేశీ మారక నిల్వలున్నాయి.

శ్రీలంక విదేశీ అప్పు 5,000 కోట్ల డాలర్ల పైమాటే. డాలర్లు కొలంబోలో అచ్చు కావు. టూరిజం, తేయాకు, రెడీమేడ్ దుస్తులు, గల్ఫ్ నుంచి వచ్చే జీతాలు, వీటితోనే సంపాదించుకోవాలి. 2019 ఈస్టర్ దాడులు, ఆ వెంటనే కోవిడ్ టూరిజాన్ని తుడిచిపెట్టాయి. ఆ మధ్యలో వ్యాట్‌ను (అమ్మకాల మీద పన్నును) 15 నుంచి 8 శాతానికి తగ్గించి ప్రభుత్వం తన ఆదాయాన్నీ పోగొట్టుకుంది. 2019 చివర్లో 760 కోట్ల డాలర్ల నిల్వలుండేవి. 2022 మే నాటికి వాడుకోవడానికి మిగిలింది 5 కోట్ల డాలర్లు కూడా లేదు. ఒకటి రెండు డీజిల్ ఓడలకు సరిపోతుందేమో.

ఆ రోజుల్లో కొలంబోలోని ఒక తోటి అనలిస్టుతో ఫోన్‌లో మాట్లాడుతుండేవాణ్ని. ఆయన పెట్రోల్ క్యూలో ఉండేవాడు. ముందున్న బండి కదిలితే ఇంజన్ ఆన్ చేయకుండా కారును చేత్తో నెట్టుకుంటూ, రొప్పుతూ మాట్లాడేవాడు. కాగితం లేక స్కూలు పరీక్షలు వాయిదా పడిన సంగతి ఆయనే చెప్పాడు. అప్పటినుంచి ఏ దేశం ఫైలు తెరిచినా నేను ముందు చూసేది రెండే: ఏడాదిలో కట్టాల్సిన విదేశీ బాకీ, ఎన్ని నెలల దిగుమతులకు డాలర్లున్నాయి. అప్పు శాతం ఆ తర్వాతే.

అపోహ: ప్రకృతి విపత్తులు ఎక్కువ కాబట్టి జపాన్‌కే ప్రమాదం.

వాస్తవం: 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం, సునామీ, ఆపైన ఫుకుషిమా అణు ప్రమాదం. అణు రియాక్టర్లన్నీ ఆగిపోతే జపాన్ బయటినుంచి గ్యాస్ కొనుక్కుంది. కొనగలిగింది, అసలు విషయం అదే. శ్రీలంకలో 2021లో పెద్ద భూకంపమేమీ రాలేదు. దేశమంతా సేంద్రియ సాగుకు మారాలంటూ రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించారు. వరి దిగుబడి పడిపోయింది, నిషేధం వల్ల మిగులుతాయనుకున్న డాలర్లు బియ్యం దిగుమతికి పోయాయి. నవంబరుకల్లా నిషేధాన్ని వెనక్కి తీసుకున్నారు. పర్యావరణ రిస్క్, ఆర్థిక రిస్క్ అని వేర్వేరు పేజీల్లో రాస్తారు గానీ, రెండూ చివరికి దిగుమతి బిల్లు దగ్గరే కలుస్తాయి.

సేంద్రియ సాగే లంకను ముంచిందనేవాళ్లకు ఒకే మాట: నిల్వలు అంతకుముందే కరుగుతున్నాయి.

అపోహ: దివాళా తీస్తే సమాజమే కూలిపోతుంది.

వాస్తవం: 2022 జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లారు, అధ్యక్షుడు దేశం విడిచిపోయాడు. అయినా కొత్త అధ్యక్షుణ్ని పార్లమెంటే ఓటేసి ఎన్నుకుంది. సెప్టెంబరులో 70 శాతం దాకా వెళ్లిన ద్రవ్యోల్బణం ఏడాది తిరిగేలోపే ఒక అంకెకు దిగింది. పేదరికం మాత్రం రెట్టింపయింది, ఆ దెబ్బ ఇంకా మానలేదు.

జపాన్‌కు ఏ ఇబ్బందీ లేదని నేననను. జనాభా తగ్గుతోంది, కేలరీల లెక్కన తిండిలో 60 శాతానికి పైగా బయటినుంచే రావాలి. యెన్ బలహీనపడితే ఇంటి ఖర్చు పెరుగుతుంది. అందుకే ఆవిడతో, "మీ అబ్బాయిని రమ్మనకండి, ధరలతో పాటు జీతం పెరుగుతోందా అని మాత్రం అడగండి" అన్నాను.