మనకి మూడు సైన్స్ అకాడమీలు ఎందుకున్నాయి? దాని వెనకున్న ఓటు గొడవ

బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలో ఇన్సా అని పిలిచే ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, అలహాబాద్‌లో, అంటే ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌లో, నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్. మూడూ దేశం మొత్తం మీద నుంచి ఫెలోలని, అంటే తమ మెంబర్లుగా ఉండే సైంటిస్టులని, ఎన్నుకుంటాయి, మూడిట్లోనూ ఫెలోగా ఉన్న సైంటిస్టులు చాలామందే ఉన్నారు, మరి ఒకటి సరిపోదా అని ఎవరికైనా డౌట్ రావడం సహజం. దీనికి మామూలుగా చెప్పే సమాధానం ఫిజిక్స్ దిగ్గజాలు సి.వి. రామన్‌కి, మేఘనాద్ సాహాకి పడలేదు కాబట్టి ఎవరిది వాళ్ళు పెట్టుకున్నారని. అది అబద్ధమేం కాదు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళ కోపం ఒక్కదానితోనే తొంభై ఏళ్ళు నిలబడే సంస్థలు పుట్టవు కదా, అసలు గొడవంతా మెంబర్ అంటే ఎవరు, ఓటు ఎవరికి అనే దగ్గర ఉంది. నా లెక్కలో ఈ కథకి అదే కీలకం, కాబట్టి చట్టం దగ్గర్నుంచి మొదలుపెడదాం.

మన దేశంలో సైన్స్ సంఘాలన్నీ దాదాపుగా సొసైటీలే, వీటన్నిటికీ మూలం 1860 నాటి సొసైటీస్ రిజిస్ట్రేషన్ యాక్ట్. ఇంగ్లండ్‌లో 1854లో సాహిత్య, సైన్స్ సంస్థల కోసం చేసిన చట్టాన్ని చూసి దీన్ని రాశారు. తర్వాత చాలా రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 2001లో ఒకటొచ్చింది, కానీ అస్థిపంజరం మాత్రం పాతదే. ఏడుగురు మనుషులుంటే చాలు. పేరు, ఆశయాలు, కమిటీ వాళ్ళ పేర్లు రాసిన మెమొరాండం, దానితో పాటు బైలాస్, అంటే సొసైటీ సొంత రూల్స్, కాపీ రిజిస్ట్రార్‌కి ఇచ్చి ఫీజు కడితే సొసైటీ పుట్టినట్టే. ప్రతి ఏడాదీ కమిటీలో ఎవరున్నారో లిస్ట్ ఫైల్ చెయ్యాలి. సొసైటీ మూసేస్తే మిగిలిన ఆస్తి మెంబర్లు పంచుకోకూడదు, ఇంకో సొసైటీకి ఇవ్వాలి. ఇదంతా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో సెక్రటరీగా చేసినవాళ్ళకి బాగా తెలిసిన వ్యవహారమే.

1860 చట్టంలో రెండు సెక్షన్లు మాత్రం ఈ కథకి ముఖ్యం. 15వ సెక్షన్ ప్రకారం చందా మూడు నెలలకి మించి బాకీ పడ్డవాడికి ఓటు లేదు. ఇది మంచి రూలే, కానీ చట్టం ఆగేది కూడా అక్కడే, మెంబర్‌గా ఎవర్ని చేర్చుకోవాలి, డబ్బులు కట్టిన ప్రతివాడినా లేక ఎన్నుకున్న వాళ్ళనేనా అన్నది పూర్తిగా బైలాస్‌కి వదిలేసింది. ఇక 12వ సెక్షన్ ఏమంటుందంటే ఆశయాలు మార్చాలన్నా, ఇంకో సొసైటీతో కలిసిపోవాలన్నా స్పెషల్ మీటింగ్ పెట్టి ఐదింట మూడొంతుల ఓట్లు తెచ్చుకోవాలి, ఆ తర్వాత నెల గ్యాప్‌తో ఇంకో మీటింగ్ పెట్టి మళ్ళీ అంతే మెజారిటీతో ఖాయం చెయ్యాలి. ఒక సొసైటీని పుట్టించడం ఎంత తేలికో రెండిటిని కలపడం అంత కష్టమన్నమాట.

ఇప్పుడు కలకత్తా. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ జనం దగ్గర చందాలు పోగుచేసి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ పెట్టారు. జమీందార్లు, లాయర్లు, వ్యాపారులు డబ్బులిచ్చారు, డబ్బులిచ్చిన వాళ్ళే మెంబర్లు, అంటే సైన్స్‌తో ఏ సంబంధం లేనివాళ్ళకి కూడా జనరల్ బాడీలో ఓటు ఉంది. ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా నడవాలంటే అప్పట్లో వేరే దారి కూడా లేదు, ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. 1907లో అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగం మీద కలకత్తా వచ్చిన రామన్ ఆఫీసుకి ముందు, ఆఫీసు అయ్యాక బౌబజార్ వీధిలో ఉన్న ఈ అసోసియేషన్ ల్యాబ్‌లోనే పనిచేసుకునేవారు, 1919లో దానికి ఆనరరీ సెక్రటరీ అయ్యారు, 1928లో ఆయనకి నోబెల్ తెచ్చిన రామన్ ఎఫెక్ట్ బయటపడింది కూడా అక్కడే. ఆయన దగ్గర అక్కడ పనిచేసిన మన ఆగిరిపల్లి కుర్రాడు సూరి భగవంతం తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టర్ అయ్యారు.

1933లో రామన్ ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా బెంగళూరు వెళ్ళిపోయారు, కానీ కలకత్తా అసోసియేషన్ మీద పట్టు వదలడం ఆయనకి ఇష్టం లేదు. లైఫ్ మెంబర్ల చేరికకి హద్దు పెట్టాలని ఆయన వైపు ఆలోచన. అవతలి వర్గం, అందులో శ్యామాప్రసాద్ ముఖర్జీ లాంటి పెద్దలున్నారు, కొత్త మెంబర్లని చేర్పించుకుంటూ వచ్చింది, 1934 జూన్ మీటింగ్‌కి వచ్చేసరికి చేతుల్లెత్తేవాళ్ళు అటువైపే ఎక్కువయ్యారు. నోబెల్ బహుమతి తెచ్చిన మనిషి అదే ల్యాబ్ ఉన్న సంస్థలో ఓటింగ్‌లో ఓడిపోయారు. బెంగాలీలు, మద్రాసీలు అనే ప్రాంతీయ కోణం అందులో గట్టిగానే ఉంది, కాదని ఎవరూ అనలేరు, కానీ ఆ కోణానికి ఆయుధం ఇచ్చింది మాత్రం చందా కడితే ఓటు అనే రూలే.

ఇదే టైమ్‌లో రెండో కథ కూడా నడుస్తోంది. సాహా అప్పటికి అలహాబాద్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, 1930లో అక్కడ యునైటెడ్ ప్రావిన్సెస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పెట్టించారు, పేరులోనే ఉంది అది ఒక ప్రాంతానిదని. 1934 జనవరిలో బొంబాయిలో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌కి, అంటే దేశంలోని సైంటిస్టుల వార్షిక సభకి, ఆయనే ప్రెసిడెంట్, అక్కడ దేశం మొత్తానికి ఒక అకాడమీ ఉండాలని గట్టిగా మాట్లాడారు. అందరూ ఒప్పుకున్నారు, కమిటీ వేశారు, జియాలజిస్ట్ ఫెర్మర్ లాంటి వాళ్ళు నడిపించారు, రామన్ కూడా అందులో మెంబరే. హెడ్ ఆఫీస్ ఎక్కడ, ఎవరి చేతిలో ఉండాలి అనే చర్చ సాగుతూ పోయింది. కమిటీ అన్నాక సాగుతుంది కదా. రామన్ కమిటీ నుంచి బయటికొచ్చేశారు, 1934 ఏప్రిల్ 24న బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ని సొసైటీగా రిజిస్టర్ చేయించేశారు. మిగతావాళ్ళు ఇంకా డ్రాఫ్ట్ దగ్గరే ఉన్నారు.

జులై 31న ప్రారంభం, 65 మంది వ్యవస్థాపక ఫెలోలు, అదే రోజు మొదటి జనరల్ మీటింగ్, అదే మీటింగ్‌లో ప్రెసిడెంట్‌గా రామన్ ఎన్నిక, అదే మీటింగ్‌లో రాజ్యాంగం ఆమోదం. జర్నల్ కూడా ఆ నెల నుంచే. స్పీడ్ సంగతి పక్కన పెడితే ఇక్కడ గమనించాల్సింది మెంబర్‌షిప్ డిజైన్, ఈ సంస్థలోకి చందా కట్టి ఎవరూ రాలేరు, ఉన్న ఫెలోలు కొత్త ఫెలోలని ఎన్నుకోవాలి. కలకత్తాలో జరిగింది ఇక్కడ జరగడానికి ఛాన్సే లేదు. అయితే దీని రెండో వైపు కూడా చెప్పాలి, రామన్ 1934 నుంచి 1970 నవంబర్‌లో చనిపోయేదాకా, 36 ఏళ్ళు, ఆయనే ప్రెసిడెంట్. బయటివాళ్ళు తోసుకురాకుండా తలుపు మూస్తే లోపలివాళ్ళు మారకుండా ఉండిపోయే ప్రమాదం ఉంటుంది, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆయన తర్వాత మూడేళ్ళకోసారి ప్రెసిడెంట్ మారడం మొదలైంది.

బెంగళూరు వాళ్ళు ముందే పెట్టేసుకునేసరికి కమిటీ వాళ్ళకి రాజీ తప్ప దారి లేకపోయింది. ఉన్న అకాడమీలని ఉండనిచ్చి వాటన్నిటి మధ్యా సమన్వయం చేసే ఒక పై సంస్థ పెడదామన్నారు, అదే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్, 1935 జనవరి 7న కలకత్తాలో మొదలైంది, ఫెర్మర్ మొదటి ప్రెసిడెంట్. పేరులో అకాడమీ లేకపోవడం కూడా ఆ రాజీలో భాగమే అనుకోవచ్చు. 1945లో ప్రభుత్వం దీన్ని దేశంలో ప్రధాన సైన్స్ సంస్థగా గుర్తించింది, తర్వాత ఢిల్లీకి మారింది, 1970లో ఇన్సా అని పేరు మార్చుకుంది. యునైటెడ్ ప్రావిన్సెస్ అకాడమీ కూడా పేరులోంచి ప్రాంతాన్ని తీసేసి నేషనల్ అయింది. ఇంకో విచిత్రం, చివరికి కలకత్తా అసోసియేషన్‌కి 1953లో డైరెక్టర్ అయింది సాహానే.

ఇప్పుడు మూడూ పైకి ఒకేలా నడుస్తాయి. ఫెలోలు పేర్లు ప్రతిపాదిస్తారు, సబ్జెక్టుల వారీగా సెక్షనల్ కమిటీలు వడపోస్తాయి, కౌన్సిల్ షార్ట్‌లిస్ట్ చేస్తుంది, ఓటు పడుతుంది. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, ట్రెజరర్, కౌన్సిల్ మెంబర్లు. అలహాబాద్ అకాడమీలో ఫెలోలతో పాటు చందా కట్టే మెంబర్లు కూడా ఉంటారు, ఊళ్ళలో చాప్టర్లు ఉంటాయి, పాత ప్రాంతీయ వాసన కాస్త అక్కడే మిగిలింది. స్టూడెంట్లకి సమ్మర్ ఫెలోషిప్‌లు మూడూ కలిసి ఇస్తున్నాయి, కానీ మూడూ కలిసి ఒకటి కావాలంటే మూడు జనరల్ బాడీలు విడివిడిగా పెద్ద మెజారిటీతో ఒప్పుకోవాలి, తన ఫెలోషిప్‌ని తనే రద్దు చేసుకుంటూ ఎవరు ఓటేస్తారు చెప్పండి.

రాష్ట్రాల్లోనూ ఇదే నమూనా. హైదరాబాద్‌లో 1963లో ఆంధ్రప్రదేశ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మొదలైంది, ఫెలోలు, కౌన్సిల్, అదే ఏర్పాటు. రాష్ట్రం విడిపోయాక ఇప్పుడు తెలంగాణకొకటి, ఆంధ్రకొకటి. కేంద్రంలో ఉన్న మూడిట్లాగే ఇవి కూడా గ్రాంట్ల మీద బాగా ఆధారపడతాయి, ఎన్నికలు ఎంత పద్ధతిగా జరిగినా డబ్బు వచ్చే చోటు మాట చెల్లుతూనే ఉంటుంది.

దీనికి తాజా ఉదాహరణ సైన్స్ కాంగ్రెస్. 1914 నుంచి నడుస్తున్న సైన్స్ కాంగ్రెస్ అసోసియేషన్ చందా కట్టిన మెంబర్ల సంస్థ, వేలల్లో మెంబర్లు, ఎన్నికైన కమిటీ, కానీ ఏటా జరుగుతూ వచ్చిన జనవరి సభకి ముఖ్యమైన డబ్బు కేంద్ర సైన్స్ శాఖ నుంచి వచ్చేది. 2023లో ఆ శాఖ ఖర్చుల్లో అవకతవకలున్నాయంటూ సాయం ఆపేసింది, అసోసియేషన్ వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు, పంజాబ్‌లో జరగాల్సిన 2024 జనవరి సభ వాయిదా పడింది.