గొయ్యి ముందు, ఇళ్లు తర్వాత

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పక్కనున్న ఖాళీ స్థలంలో ఇళ్లు రాబోతున్నాయని, ఒక్క పునాదీ తీయకముందే పల్లపు మూలలో పెద్ద గొయ్యి తవ్వేస్తున్నారని రాశారు. "ఇళ్లు కడతామని చెప్పి గొయ్యి తవ్వుతారేంటి తాతయ్యా?" అని అడిగారు. పాతికేళ్లు లేఅవుట్ ప్లాన్లు గీసినవాణ్ణి, ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న నాకు ఉండదు.

ముందు ఒక పని చేయండి. ఒక చెంబెడు నీళ్లు గడ్డి నేల మీద, ఇంకో చెంబెడు సిమెంటు గచ్చు మీద పోయండి. గడ్డిలో పోసినవి చాలావరకు అక్కడే ఇంకిపోతాయి. గచ్చు మీదివి పరుగెత్తుకుంటూ అంచు దాటిపోతాయి. ఇళ్లు, రోడ్లు వచ్చాక ఆ స్థలంలో జరగబోయేది ఇదే.

లెక్క చూడండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే హెక్టారుకు 5 లక్షల లీటర్లు! ఉత్త పచ్చిక నేల ఉన్నప్పుడు అందులో పావు వంతు పారిందనుకుందాం, అంటే సెకనుకు దాదాపు 35 లీటర్లు. కప్పులూ రోడ్లూ వచ్చాక ముప్పావు వంతు పారితే సెకనుకు 100 దాటుతుంది. పైగా గచ్చు మీద వడిగా వస్తుంది. వాన జోరునీ, విస్తీర్ణాన్నీ, పారే వంతునీ గుణించే ఈ పద్ధతికి మూలం 1851లో ఐర్లండ్ ఇంజనీరు థామస్ మల్వనీ చెప్పిన ఆలోచన. చిన్న లేఅవుట్లకు ఇప్పటికీ అదే వాడతారు.

నీరు పల్లమెరుగు అంటారు కదా. ఆ వంద లీటర్లూ దిగువనున్న వాళ్ల గుమ్మంలోకే పోతాయి. వాళ్లేం తప్పు చేశారని? అందుకే గొయ్యి. వాన నీరంతా ముందు అందులో చేరుతుంది. అడుగునున్న సన్నటి తూములోంచి పాత లెక్క ప్రకారం సెకనుకు 35 లీటర్లకు మించకుండా బయటికి పోతుంది. అంతకు మించిన వాన వస్తే గట్టు తెగకుండా పైన అలుగు పెడతారు. ఇళ్లు కట్టేటప్పుడు కొట్టుకొచ్చే మట్టి కూడా ఆ గొయ్యిలోనే దిగబడుతుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే ముందు తవ్వుతారు.

"నూరేళ్ల వాన" అనే మాట మీ చెవిన పడొచ్చు. నూరేళ్లకోసారి వచ్చే వాన అని దాని అర్థం కాదు. ఏ ఏడాదికాయేడు అది వచ్చే అవకాశం నూటికి ఒకటి. 30 ఏళ్లు అక్కడ కాపురం ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26. ఇది ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పండి.

దీపాల గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే వెలుగు కూడా ప్రహరీ దగ్గర ఆగదు. ఈ రాత్రి వీధి దీపానికి కాస్త దూరంగా నిలబడి, అరచేతిని నుదుటికి అడ్డం పెట్టి బల్బు కనబడకుండా చేయండి. అప్పటిదాకా కనిపించని నేల కనిపిస్తుంది. కంట్లో కొట్టే వెలుగు చూపుకు సాయం చేయదు, అడ్డొస్తుంది. అందుకే దీపానికి టోపీలాంటి మూత ఉండాలి, వెలుగంతా కిందికే పడాలి. నేల మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. పండు వెన్నెల 0.3 లక్స్ మించదు, అందులోనే మనం నడవగలం. ఇళ్ల మధ్య వీధికి 5 నుంచి 10 లక్స్ చాలు. దీపాల ప్లాన్‌లో కొన్ని మీటర్లకొకటి చొప్పున ఈ అంకెలు వేసి ఉంటాయి. నేను మొట్టమొదట చూసేది సరిహద్దు గీత మీది అంకెల్ని. అవి సున్నాకు దగ్గరగా లేకపోతే పక్కింటి పాప పడకగదిలోకి ఆ వెలుగు పోతున్నట్టే. నీలం కలిసిన తెల్ల దీపాలు నిద్రను ఇంకా ఎక్కువ చెడగొడతాయి, పసుపు ఛాయవి మేలు.

ఒక బాధ కూడా రాయాలి. ఒకచోట కాలువల ప్లాను ఒకరు, దీపాల ప్లాను ఇంకొకరు గీశారు. రెండు షీట్లూ నా బల్ల మీదికే వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడలేదు. స్తంభం గొయ్యి తవ్వుతుంటే వాన నీటి పైపు పగిలింది. పైపైన సిమెంటు మెత్తి స్తంభం నిలబెట్టేశారు. మొదటి పెద్ద వానకు దాని మొదలు దగ్గర మట్టి కరిగి స్తంభం ఒరిగింది. నిలిచిన నీళ్లలో తీగలు, వీధంతా చీకటి. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ తర్వాత పారదర్శక కాగితం మీద రెండూ కలిపి గీయనిదే ఏ ప్లాన్ మీదా సంతకం పెట్టలేదు.

వానలు మొదలయ్యాక గొయ్యిని కంచె బయటి నుంచే చూడండి, గట్టెక్కొద్దు. వాన వెలిసిన మర్నాటికి నీళ్లు ఎంత తీశాయో, తూము దగ్గర చెత్త అడ్డం పడిందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య