తూటాలో మందు మండే వేగం

18వ శతాబ్దంలో నిర్మల్‌లో నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోసిన రోజుల్లో తుపాకీ మందు అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరినదే. ఆ కాలపు మందులో ఫిరంగికి ముతక గింజలు, చేతి తుపాకీకి సన్న గింజలు వాడేవారు. ప్రతి గింజా పైనుంచి లోపలికి పొరపొరగా కాలుతుందని 1839లో ఫ్రెంచి సైనికాధికారి పియోబెర్ సూత్రీకరించాడు. ఒకే చెట్టు కట్టె పేళ్లుగా చీలిస్తే భగ్గున మండి ఆరిపోతుంది, మొద్దుగా ఉంచితే రాత్రంతా కాలుతుంది. మందు గింజల సంగతీ అంతే.

1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజుతో పొగరాని మందును తయారుచేశాక ఈ సూత్రానికి విలువ మరింత పెరిగింది. చాలా ఆధునిక రైఫిల్ మందుల గింజను భూతద్దం కింద పెడితే సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవున్న నల్లని గొట్టం, దాని నడుమ సన్నని రంధ్రం కనిపిస్తాయి. బయటి వైపు కాలి గింజ సన్నబడుతుంటే లోపలి రంధ్రం వెడల్పవుతుంది కాబట్టి మండే ఉపరితలం దాదాపు తగ్గకుండా నిలుస్తుంది. పైపొరలోకి ఇంకించిన రసాయనం మంటను మొదట్లో నెమ్మదింపజేస్తుంది. నల్లని మెరుపు గ్రాఫైట్ పూతది. రైఫిల్ మందులన్నింటిలో కిలోకు దాగిన శక్తిలో తేడా పెద్దగా ఉండదు. తేడా అంతా ఆ శక్తి ఎంత వేగంగా విడుదలవుతుందన్న దానిలోనే ఉంది.

ఆ విడుదలకున్న వ్యవధి ఎంత? సెకనులో వెయ్యోవంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. పైగా పీడనం పెరిగేకొద్దీ మందు ఇంకా వేగంగా మండుతుంది, ఆ మంట పీడనాన్ని మళ్లీ పెంచుతుంది. ఈ వలయాన్ని ప్రధానంగా అదుపులో ఉంచేది ముందుకు కదిలే బుల్లెట్టే, ఎందుకంటే అది కదిలిన కొద్దీ వాయువులకు చోటు దొరుకుతుంది.

కంపెనీలు ప్రామాణికంగా చేసే తూటాలో మందు నింపే ఇత్తడి కేసును మార్చి, మూతిని సన్నం చేసో వెడల్పు చేసో ఔత్సాహికులు రూపొందించే వైల్డ్‌క్యాట్ తూటాలలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఉదాహరణకు .30-06 అనే ప్రామాణిక రైఫిల్ తూటా కేసు మూతిని సన్నం చేసి .25-06 అనే తూటా చేశారు. బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళాల నుంచి 0.257కు తగ్గింది, అంటే తుపాకీ గొట్టపు అడ్డుకోత వైశాల్యం సుమారు 30 శాతం తగ్గింది. బుల్లెట్ ఒక సెంటీమీటరు కదిలితే వాయువులకు దొరికే చోటూ అంతే తగ్గింది. కాబట్టి పాత కేసుకు సరిపోయిన మందు ఇక్కడ ప్రమాదకరంగా పీడనాన్ని ఎగదోస్తుంది. నెమ్మదిగా మండేది కావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన మిగులు మందు 4831 పేరుతో అమెరికాలో చవకగా దొరికాకే ఈ తూటా అసలు సత్తా బయటపడింది. 1969లో రెమింగ్టన్ కంపెనీ దానిని ప్రామాణిక తూటాగా స్వీకరించింది. ఇత్తడిని మలిచిన నేర్పుకంటే తగిన మందు దొరకడమే దాని చరిత్రను నిర్ణయించిందని నా అభిప్రాయం.

అలాగని మరీ నెమ్మది మందూ పనికిరాదు. బుల్లెట్ వెళ్లిపోయాక కాలని గింజలు గొట్టంలో మిగులుతాయి, వేగం పడిపోతుంది. మందుల వేగక్రమం చూపే పట్టికలు వరుసను చెబుతాయే తప్ప పీడనాన్ని చెప్పవు. వైల్డ్‌క్యాట్‌కు పరీక్షించిన కొలతలు ఉండవు కాబట్టి, సొంతంగా తూటాలు నింపుకోవడం చట్టసమ్మతమైన దేశాలలో జాగ్రత్తపరులు దాదాపు అంతే ఘనపరిమాణం, అంతే వ్యాసం ఉన్న ప్రామాణిక తూటా లెక్కలను ఆధారం చేసుకుని తక్కువ మందుతో మొదలుపెడతారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం.

ఇక ఉష్ణోగ్రత. వేడెక్కిన మందు మరింత వేగంగా మండుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో, మూసిన జీపులో ఉంచిన తూటా, డిసెంబరు ఉదయం చలిలో భద్రంగా పేలిన తూటా కంటే ఎక్కువ పీడనం పుట్టిస్తుంది. అందుకే పీడనపు సురక్షిత పరిమితికి దగ్గరగా మందు నింపిన తూటాను చల్లని రోజున పరీక్షించి సరిపెట్టుకోకూడదు, ఎండాకాలపు వేడిలో పీడనమాపకంతో కొలిచి చూడాలి.