మీ కప్పు బొమ్మ చూశాను

కావలి

పిలకాయలకు తాత ఆశీస్సులు.

మీరు గీసి పంపిన రియాక్టర్ బొమ్మ అందింది. కోర్ (ఇంధనం ఉండే నడిభాగం) నుంచి వచ్చే న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి పక్కన పెట్టిన చల్లని కప్పులో ద్రవ హైడ్రోజన్ అని రాశారు. ఆలోచన సరైనదే. గోళీలాటలో సమానమైన గోళీని సూటిగా కొడితే కొట్టింది ఆగిపోతుంది, ఇనప గుండును కొడితే దాదాపు అదే వేగంతో వెనక్కొస్తుంది. న్యూట్రాన్‌కు సమాన గోళీ హైడ్రోజన్ కేంద్రకమే.

అయితే నీళ్లలో ఎన్నిసార్లు ఢీకొన్నా న్యూట్రాన్ సెకనుకు సుమారు 2200 మీటర్ల దగ్గరే నిలుస్తుంది. గది వేడిలో ఊగే అణువులు దాన్ని మళ్లీ తోస్తుంటాయి మరి. అందుకే ఆ అణువులనే చల్లబరచాలి. 20 కెల్విన్‌లో, అంటే మైనస్ 253 డిగ్రీల్లో, వేగం సుమారు 600 మీటర్లకు దిగుతుంది; న్యూట్రాన్ అలలా కూడా నడుస్తుంది గనుక దాని తరంగదైర్ఘ్యం 1.8 నుంచి 7 అంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దాకా సాగుతుంది. ప్రోటీన్లు, పాలిమర్ల లాంటి పెద్ద అణువుల ఆకారం అప్పుడే పట్టుబడుతుంది.

ఇక మీరు మరిచింది వేడి. జువ్వలదిన్నె రేవులో చేపల పెట్టెల మీద ఐసు ఎంత కొట్టినా ఎండ కరిగిస్తూనే ఉంటుంది కదా. ఇక్కడ ఆ ఎండ లాంటివి కోర్ నుంచి వచ్చే గామా కిరణాలు. అవి మూత దగ్గర ఆగవు, అల్యూమినియం గోడనూ లోపలి పదార్థాన్నీ ఒక్కసారే వేడెక్కిస్తాయి. కప్పును కోర్‌కు దగ్గరగా జరిపితే న్యూట్రాన్లూ ఎక్కువే, వేడీ ఎక్కువే. నేనైతే ముందు ఈ లెక్క తేల్చుకుని, ఆ తర్వాతే శీతల యంత్రం ఎంతదో నిర్ణయిస్తాను.

చిన్న రియాక్టరులో వేడి తక్కువ గనుక హైడ్రోజనే వాడాలని లేదు. గాలితో కలిసి నిప్పురవ్వ తగిలితే పేలే దాన్ని కాపాడటానికి ఎన్నో పొరలు కట్టాలి. ఘన మీథేన్ న్యూట్రాన్లను బాగా చల్లబరుస్తుంది, కానీ రేడియేషన్ దెబ్బలు లోపల పేరుకుని ఒక్కసారిగా వేడిగా బయటపడతాయి. నా మనసు హైడ్రోజన్, కార్బన్ కలిసిన మెసిటిలీన్ మీద ఉంది. గది వేడిలో ద్రవం, పోసుకోవడం సులువు, రేడియేషన్‌కు బాగా ఓరుస్తుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని 1.1 మెగావాట్ల ట్రిగా అనే పరిశోధన రియాక్టరులో దాన్నే పెట్టి, నియాన్‌తో చల్లబరిచారు.

మీ కప్పు మందం 10 సెంటీమీటర్లు వేశారు. హైడ్రోజన్ న్యూట్రాన్లను మింగుతుంది కూడా, అంత మందమైతే బయటికి వచ్చేవి తగ్గిపోతాయి. మెసిటిలీన్‌తో 2, 3 సెంటీమీటర్లు పెట్టి మళ్లీ గీసి పంపండి.

మీ తాత