లిస్ట్‌లో మైగ్రాట్ అని కనిపిస్తే: హెచ్‌ఎస్‌ఎం రికాల్‌పై అపోహలు - వాస్తవాలు

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఐఎస్‌పీఎఫ్ 3.4 స్క్రీన్ మీద డేటాసెట్ల (ఫైళ్లను అక్కడ అలా అంటారు) లిస్ట్ తీస్తే వాల్యూమ్ కాలమ్‌లో కొన్నిటికి డిస్క్ పేరు బదులు మైగ్రాట్1 అనో మైగ్రాట్2 అనో ఉంటుంది. చాలా రోజులుగా ఎవరూ వాడని ఆ ఫైళ్లను డీఎఫ్‌ఎస్‌ఎంఎస్ హెచ్‌ఎస్‌ఎం (ఫైళ్ల నిల్వను చూసుకునే ఐబీఎం సాఫ్ట్‌వేర్) ప్రైమరీ డిస్క్, అంటే జాబులు నేరుగా వాడే డిస్క్, మీద నుంచి తీసి పక్కన పెట్టేసిందన్నమాట. దీన్నే మైగ్రేషన్ అంటారు. 1 అయితే కుదించి ఇంకో డిస్క్‌లో, 2 అయితే చాలా చోట్ల టేప్‌లో. తర్వాత ఏ జాబో (బ్యాచ్‌లో నడిచే పని), యూజరో ఆ ఫైల్ అడిగితే చాలు, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తెచ్చి ఇస్తుంది. అదే రికాల్. అమీర్‌పేట కోచింగుల్లో జేసీఎల్ (జాబులు నడిపే భాష), కోబాల్ బాగానే నేర్పుతారు గానీ హెచ్‌ఎస్‌ఎం దాకా వచ్చేసరికి బ్యాచ్ అయిపోతుంది. అందుకే దీని గురించి ప్రాజెక్టుల్లో చేరాక సీనియర్లు చెప్పిందే వేదం. అందులో కొంత నిజం, కొంత కాదు.

అపోహ: మైగ్రేట్ అయిందంటే బ్యాకప్ ఉన్నట్టే.

ముందు దీని సంగతి చూడాలి, ఎందుకంటే డేటా పోయేది దీనివల్లే. మైగ్రేట్ అయిన ఫైల్‌కు ప్రైమరీ డిస్క్‌లో ఇంకేమీ మిగలదు. టేప్ మీదో, ఆ ఇంకో డిస్క్ మీదో ఉన్నదే అసలు ఫైల్, దానికి నకలు కాదు. బ్యాకప్ అనేది పూర్తిగా వేరే పని. మైగ్రేషన్ లెక్కలు హెచ్‌ఎస్‌ఎం ఎంసీడీఎస్ అనే తన రికార్డు ఫైల్‌లో రాసుకుంటుంది, బ్యాకప్ లెక్కలు బీసీడీఎస్ అనే ఇంకోదానిలో. మైగ్రేట్ అయినదాన్ని తెచ్చే కమాండ్ హెచ్‌రికాల్, బ్యాకప్ నుంచి తెచ్చేది హెచ్‌రికవర్. "డిలీట్ కొట్టేశాను, రికాల్ చేసి పెట్టండి" అని టికెట్ వస్తే చేయగలిగింది ఏమీ లేదు. డిలీట్‌తోనే ఎంసీడీఎస్‌లో ఆ ఎంట్రీ పోతుంది. ఇక ఆశ అంతా బ్యాకప్ మీదే, అదీ ఆ ఫైల్ మేనేజ్‌మెంట్ క్లాస్‌లో (ఫైల్‌కు మైగ్రేషన్, బ్యాకప్ నియమాలు చెప్పే సెట్టింగ్) బ్యాకప్ పెట్టి ఉంటేనే. డిలీట్ కొట్టేముందు హెచ్‌లిస్ట్ కమాండ్‌లో డేటాసెట్ పేరిచ్చి బోత్ అని అడగండి. రెండు లెక్కలూ చూపిస్తుంది. బ్యాకప్ వెర్షన్ లేదంటే అక్కడే ఆగండి.

అపోహ: ఫైల్ తెరిస్తేనే రికాల్ అవుతుంది.

తెరవకపోయినా అవుతుంది. మీరు దాన్ని ఎందుకు అడిగారో సిస్టమ్‌కు పట్టదు, జాబ్‌కు ఆ ఫైల్ అలకేట్ (కేటాయింపు) కావాలి కాబట్టి తెస్తుంది. మన జాబుల్లో మొదటి స్టెప్ చూడండి: ఐఈఎఫ్‌బీఆర్14 (ఏ పనీ చేయని ప్రోగ్రామ్) పెట్టి, డిస్ప్‌లో (ఫైల్‌ను ఏం చేయాలో చెప్పే జేసీఎల్ పారామీటర్) మాడ్, డిలీట్, డిలీట్ అని రాసి నిన్నటి అవుట్‌పుట్ ఫైళ్లను చెరిపేస్తాం. ఆ ఫైళ్లు మైగ్రేట్ అయి ఉంటే, పాత పద్ధతిలో ఒక్కొక్కదాన్నీ టేప్ నుంచి డిస్క్‌కు తెచ్చి, అప్పుడు చెరుపుతుంది. చెత్తబుట్టలో వేయడానికి అటక మీది సామానంతా హాల్లోకి దించినట్టు! జెడ్/ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) 1.11 నుంచి దీనికి మందుంది. అలాక్‌ఎక్స్‌ఎక్స్ పార్మ్‌లిబ్ మెంబర్‌లో (సిస్టమ్ సెట్టింగుల ఫైల్) ఐఈఎఫ్‌బీఆర్14 డిలీట్లకు నోరికాల్ అని పెడితే తేకుండానే చెరిపేస్తుంది. కానీ డిఫాల్ట్ మాత్రం లెగసీయే, అంటే పాత పద్ధతే. మీ సైట్‌లో ఎవరైనా మార్చారో లేదో సిస్టమ్స్ వాళ్లను అడగాల్సిందే. ఐడీక్యామ్స్ అనే యుటిలిటీతో చేసే డిలీట్‌కు ఈ బాధ లేదు.

ఇక రెక్స్ స్క్రిప్టుల్లో లిస్ట్‌డీఎస్‌ఐ ఫంక్షన్. ఫైల్ సైజు తెలుసుకుందామని వాడతారు. రికాల్, నోరికాల్ రెండూ రాయకుండా వదిలేస్తే, డిస్క్‌కు మైగ్రేట్ అయిన ఫైల్‌ను రికాల్ చేసేస్తుంది, టేప్‌కు పోయినదాన్ని మాత్రం ముట్టుకోదు. ఆడిట్ రిపోర్ట్ కోసం వేల డేటాసెట్ల మీద లూప్ తిప్పే ఎగ్జెక్ (రెక్స్ ప్రోగ్రామ్) అయితే మైగ్రాట్1లో ఉన్నవన్నీ తెల్లారేసరికి ప్రైమరీ డిస్క్‌లో కూర్చుంటాయి. నోరికాల్ అని ఒక్క మాట రాసిపెట్టండి. లిస్ట్‌క్యాట్ కమాండ్ అయితే కేటలాగ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే సూచిక) చూసి ఊరుకుంటుంది, రికాల్ చేయదు.

అపోహ: స్టెప్‌లో ఇరవై మైగ్రేటెడ్ ఫైళ్లుంటే ఇరవైనీ ఒకేసారి తెస్తుంది.

డిఫాల్ట్‌గా తేదు. ఒకటి వచ్చాకే అలకేషన్ రెండోదాన్ని అడుగుతుంది. నెలాఖరు జాబ్ గంటసేపు కదలకపోతే, సీపీయూ వాడకం సున్నా ఉంటే, ముందు అనుమానించాల్సింది దీన్నే. జెడ్/ఓఎస్ 2.1లో బ్యాచ్ రికాల్స్‌ను ప్యారలల్ చేసే సెట్టింగ్ వచ్చింది, అదీ అలాక్‌ఎక్స్‌ఎక్స్‌లోనే. అది పెట్టినా ఇరవై ఫైళ్లూ ఒకే టేప్ మీద ఉంటే ఆ టేప్ దగ్గర క్యూ తప్పదు. నాకు నచ్చే పద్ధతి ఇంకోటి ఉంది. అసలు జాబ్‌కు గంటన్నర ముందు షెడ్యూలర్‌లో చిన్న జాబ్ పెట్టి, ఆ ఫైళ్లన్నిటికీ వెయిట్ లేకుండా హెచ్‌రికాల్ ఇచ్చేయడం. సిస్టమ్స్ టీమ్ అనుమతి కోసం తిరగక్కర్లేదు, అప్లికేషన్ వాళ్లే చేసుకోవచ్చు.

అపోహ: టేప్ అంటే నిమిషాల మీద పని.

టేప్ అంటే నిజం టేపేనా అన్నది ముందు చూడాలి. టీఎస్7700 లాంటి వర్చువల్ టేప్ (డిస్క్‌నే టేప్‌లా చూపించే పరికరం) ఉన్నచోట ఆ వాల్యూమ్ డిస్క్ క్యాష్‌లోనే ఉండొచ్చు. ఉంటే క్షణాల్లో మౌంట్ అవుతుంది. లేకపోతే అది అసలు కార్ట్రిడ్జ్ నుంచి క్యాష్‌లోకి వచ్చేదాకా ఆగాలి. అందుకే ఒకే ఫైల్ సోమవారం టక్కున వస్తుంది, నెల తర్వాత సతాయిస్తుంది.

అపోహ: స్క్రీన్ బిగుసుకుపోతే సెషన్ క్యాన్సిల్ చేయించాలి.

అక్కర్లేదు. స్క్రీన్ మీద ఏఆర్‌సీ1020ఐ మెసేజ్ చదవండి: టేప్ నుంచి తెస్తున్నాను, అటెన్షన్ కీ నొక్కితే మీ సెషన్ వదిలేసి వెనక పని సాగిస్తాను అని అదే చెబుతుంది. చాలా ఎమ్యులేటర్లలో (పీసీలో మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్ చూపే ప్రోగ్రాములు) ఆ పని పీఏ1 కీ చేస్తుంది. మెసేజ్ చదవకుండా ఆపరేటర్‌కు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఎంత త్వరగా మైగ్రేట్ చేస్తే అంత ఆదా.

డిస్క్ ఖాళీ చేయాలని మేనేజ్‌మెంట్ క్లాస్‌లో వాడకుండా ఉండగల రోజులు ఐదుకు దించుతారు. వారానికోసారి నడిచే జాబ్ ఫైళ్ల గతి చూడండి: ఐదు రోజులు ఊరికే ఉంటాయి, మైగ్రేట్ అవుతాయి, ఏడో రోజు రికాల్ అవుతాయి, మళ్ళీ ఐదు రోజుల లెక్క మొదలు. ప్రతి వారం రెండు ప్రయాణాలు. ఆదా అయిన డిస్క్ రెండు రోజులది. వారపు ఫైళ్లకు పది రోజులు, నెలవారీ వాటికి నలభై ఇవ్వమంటాను నేను. రికాల్ చేశాక మార్చని ఫైళ్లకు కొంత ఊరట ఉంది. రీకనెక్ట్ ఆన్‌లో ఉంటే హెచ్‌ఎస్‌ఎం మళ్ళీ డేటా కాపీ చేయకుండా టేప్ మీది పాత కాపీకే ముడేసి సరిపెడుతుంది. ఫైల్‌లో ఒక్క రికార్డ్ మార్చినా మళ్ళీ కాపీ చేయాల్సిందే.

అపోహ: రికాల్ అయిన ఫైల్ పాత వాల్యూమ్‌కే వస్తుంది.

ఎస్‌ఎంఎస్ (నిల్వ స్థలాన్ని సిస్టమే చూసుకునే) ఫైలైతే ఏసీఎస్ రొటీన్లు (స్థలం నిర్ణయించే నియమాలు) ఆ క్షణంలో ఏ స్టోరేజ్ గ్రూప్ (డిస్కుల సమూహం) చెబితే అక్కడికి పోతుంది. ఎక్స్‌టెంట్లు (డిస్క్‌లో ఫైల్ ముక్కలు) కూడా మారిపోవచ్చు. వాల్యూమ్ పేరు నోట్స్‌లో రాసిపెట్టుకుంటే పనికిరాదు, కేటలాగ్‌ను అడగండి.