గుండెపోటుకు బైపాస్ సర్జన్ ఉన్న ఆసుపత్రే కావాలా? అపోహలు - వాస్తవాలు

అపోహ: గుండె సర్జరీ విభాగం లేనిచోట యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స) చేయించుకోకూడదు.

“ఏదైనా అయితే ఆపరేషన్ చేయడానికి ఇక్కడ సర్జన్ ఉన్నారా సార్?” యాంజియోప్లాస్టీ చేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్ బయట బంధువులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జ్యూరిచ్‌లో తొలి కరోనరీ యాంజియోప్లాస్టీ చేసేనాటికి స్టెంట్లు (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టాలు) లేవు. బెలూన్ ఉబ్బించినప్పుడు రక్తనాళం లోపలి పొర చీలి, దారి పూర్తిగా మూసుకుపోతే బైపాసే గతి. అందుకే థియేటర్ సిద్ధంగా ఉంచేవారు. ఇప్పుడు ఆ చీలికను అక్కడికక్కడే స్టెంట్‌తో అదిమేస్తాం. అప్పటికప్పుడు బైపాస్‌కు పంపాల్సినవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు.

2002లో వెలువడిన సీ-పోర్ట్ అధ్యయనం సర్జరీ సౌకర్యం లేని ఆసుపత్రుల్లోనే జరిగింది. మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి ఆరు నెలలకు లెక్క చూస్తే, నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 19.9 శాతం, యాంజియోప్లాస్టీ చేయించుకున్నవాళ్లలో 12.4 శాతం.

అలాగని క్యాథ్ ల్యాబ్ బోర్డు ఉంటే చాలదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చే టీమ్ ఉందా, వాళ్లకు రోజూ ఈ పని చేసే అలవాటుందా? సర్జన్ గురించి అడిగేవాళ్లు ఈ సంగతి అడగరెందుకో!

అపోహ: క్యాథ్ ల్యాబే లేకపోతే అక్కడ ఆగడం టైమ్ వేస్ట్.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అందులో ఎస్టీ భాగం (ఈసీజీ గీతలో ఒక ముక్క) పైకి లేచి ఉంటే నాళం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే చోటికి చేర్చగలిగితే వెంటనే పంపాలి. కుదరదనుకుంటే అక్కడే, 30 నిమిషాలు దాటకుండా గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ మందు టెనెక్టెప్లేస్ అయితే బరువును బట్టి డోసు, ఒక్కసారే నరంలోకి. కొన్ని సెకన్ల పని. నొప్పి మొదలైన తొలి మూడు గంటల్లో దీని ప్రభావం బాగా ఉంటుంది. ఇంతకుముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్లకు మాత్రం ఇవ్వకూడదు. వాళ్లను ఎంత దూరమైనా యాంజియోప్లాస్టీకే పంపాలి.

ఇచ్చాక 60 నుంచి 90 నిమిషాల మధ్య మళ్లీ ఈసీజీ తీస్తాం. పైకి లేచిన ఎస్టీ కనీసం సగానికి దిగిందా? దిగకపోతే మందు పనిచేయలేదనే లెక్క, వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి. అంబులెన్స్ కోసం అప్పుడు ఫోన్ చేస్తే ఆలస్యమైనట్టే. ఇంజెక్షన్ ఇవ్వగానే రోగిని బయల్దేరదీయాలి.

అపోహ: ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గితే ఇంటికెళ్లిపోవచ్చు.

వద్దు. గడ్డ కరిగినా కింద ఇరుకు అలాగే ఉంటుంది. రెండు నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయించాలి.

అపోహ: ఇక సర్జన్‌తో పనే లేదు.

ఉంది. గుండె గదుల మధ్య గోడకు చిల్లు పడినా, కవాటాన్ని పట్టి ఉంచే కండరం తెగినా స్టెంట్ ఏమీ చేయలేదు. స్టెంట్ వేయడానికి వీల్లేని అడ్డంకులూ ఉంటాయి. అలాంటివాళ్లను ఏ ఆసుపత్రికి పంపాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే ఒప్పందం రాసుకుని ఉండాలి. రక్తపోటు పడిపోతున్న రోగిని పక్కన పెట్టుకుని నంబర్లు వెతకడం కుదరదు.